ఖాళీ సీటు మీద కర్చీఫు

మొన్న లింగంపల్లి బస్టాండులో శంకర్‌పల్లి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోబోతుంటే బయటి నుంచి ఒక కర్చీఫు వచ్చి నా ముఖాన కొట్టింది. చెమటతో తడిసిన కర్చీఫు. దాని వెనకే కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి, ఆ చేతి కింద ఒక మీసం.

"సీటు నాది. కర్చీఫ్ ఏసిన" అన్నాడు ఆ మనిషి, ఇంకా కిందే నిలబడి.

నేను దాన్ని ఉండచుట్టి అతని ముఖానికే విసిరాను. "సీటు బస్సెక్కినవాడిదండీ. గుడ్డ విసిరినవాడిది కాదు" అన్నాను. అతను జనాన్ని తోసుకుంటూ పైకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. గుండీ తెగి ఎక్కడో పడింది. నా మోచెయ్యి అతని పక్కటెముకల్లో దిగింది. కండక్టరమ్మ వచ్చి ఇద్దరినీ చెరో వైపు నెట్టి, "పెద్దమనుషులు గిట్ల కొట్లాడుతున్నరు, సిగ్గు లేదా?" అని అరిచింది. సీటు మాత్రం నేను వదల్లేదు.

వెనక సీట్లోంచి ఒక గొంతు వినిపించింది. "అచ్చం అక్కలాగే చేశారు సార్."

తిరిగి చూస్తే ఉమ్మడి కంప్యూటర్ కేంద్రంలో ఆపరేటరుగా పనిచేసే గుంటూరు అమ్మాయి. నేను పలకరించేలోపే ఆమె ముఖం మారింది.

"అక్క పోయిందండీ. పోయిన నెల. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నాకు ఎవరూ ఏదీ చెప్పరు. ఇది కూడా నేను మరిచిపోయే విషయం కాదు.

ఆ అక్క పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆమె పేరు పెట్టి నేను రాసినవన్నీ ఫిర్యాదులే. పోయాక ఆ పేరును ఇంకో రకంగా వాడడం నాకు చేతకాదు.

గచ్చిబౌలి వైపు, అద్దాల భవనాల మధ్య ఇరుక్కున్న ఒక పాత భవనంలో ఆ కేంద్రం ఉంటుంది. ఏ ఒక్క కాలేజీ కొనలేని పెద్ద యంత్రం అక్కడ ఉంది. వాన కొలతలు, ఉపగ్రహ చిత్రాలు, మట్టి పరీక్షలు, చెరువు నీళ్ల పరీక్షలు అన్నీ ఆ యంత్రంలోనే దాచారు. ప్రజల సొమ్ముతో పెట్టింది కాబట్టి ఏ పరిశోధకుడైనా రావచ్చు, ఆ సమాచారం తీసుకోవచ్చు, లెక్కలు వేసుకోవచ్చు. పద్ధతి సులువు. మన ప్రోగ్రామును వరసలో పెట్టాలి. వంతు రాగానే యంత్రం దాన్ని అందుకుని నడుపుతుంది. పెద్ద సంస్థ వాడైనా, మా డిగ్రీ కాలేజీలాంటి ఫ్యాను తిరగని చోటి నుంచి వచ్చినవాడైనా వరస ఒక్కటే. చిన్న కాలేజీల వాళ్లు వచ్చి కూర్చోడానికి ఒక హాలు కూడా ఉంది. దాన్ని బయటివాళ్ల హాలు అంటారు. ఆ వరసకూ ఆ హాలుకూ కాపలా ఆమె.

కాపలా అనే మాట ఊరికే వాడలేదు. ఆమె నడిస్తే నేలను తంతున్నట్టుండేది. సర్వర్ గదిలో నేల కింద కేబుళ్లు పోతాయి. ఆ నేల పలకల్ని పైకి లాగడానికి రెండు రబ్బరు గిన్నెలు బిగించిన బరువైన ఇనుప పిడి ఒకటి ఉంటుంది. ఆమె దాన్ని ఎప్పుడూ చేతిలోంచి దించేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని ఎదుటివాడి బల్లకు అతికించేది, పీకేది. టప్‌మని శబ్దం. ఆ శబ్దం వినిపిస్తే హాల్లో తలలన్నీ కిందికి పోయేవి. టీ చల్లారితే కప్పు గోడకు పోయేది. ఆ గోడకు ఎన్నిసార్లు రంగు వేసినా మరక పైకి తేలేది. ఏసీ ఆగితే కాలితో తన్నేది. అది నడిచేది కూడా. దానికే నాకు మరీ ఒళ్లు మండేది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని పచ్చిమిరపకాయలు కొరుక్కుంటూ తినేది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకునేది కాదు. ఒకసారి తాండూరు నుంచి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి, మట్టి పరీక్షల ప్రోగ్రాం నడవక బల్ల మీద తల పెట్టి ఏడుస్తోంది. ఈవిడ ఆ ఎర్రటి కళ్లతోనే వచ్చి ఇనుప పిడితో బల్ల మీద కొట్టింది.

"ఏడ్వు. ఏడ్సుకుంటనే టైప్ చెయ్. చదువు నాది కాదు, నీది."

హాలు తలుపుకు తాళం వేసి తాళంచెవిని నడుముకు దోపుకుంది. ప్రోగ్రాం నడిచేదాకా ఆ అమ్మాయిని గాని, పాపం ఏ సంబంధమూ లేని మమ్మల్ని గాని బయటికి పోనివ్వలేదు. నాకు ఆ రోజు బస్సు తప్పింది. దాని మీదా ఒక ఫిర్యాదు రాశాను.

ఆమెకు అన్నిటికంటే కోపం కర్చీఫుల మీద. పెద్ద సంస్థల కుర్రాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఎప్పుడో అవసరం పడుతుందని, లోపల ఏమీ లేని ఖాళీ ప్రోగ్రాం ఒకటి యంత్రం మీద వేసి పెట్టేవాళ్లు. అది ఏ పనీ చేయదు, జాగా మాత్రం పట్టుకుని కూర్చుంటుంది. వెనక వరసలో మా పనులు ఎండుతుంటాయి. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద గుడ్డ పడేసినట్టే. ఆమె రోజూ యంత్రం మీద నడుస్తున్నవన్నీ ఒక్కొక్కటే చూసేది. కదలిక లేనిది కనిపిస్తే పీకేసేది. పీకేసి ఊరుకునేది కాదు. లింగంపల్లి స్టేషను బయట అమ్మే గళ్ల కర్చీఫులు కొని సొరుగు నిండా పెట్టుకునేది. ఒకటి తీసుకుని నేరుగా ఆ పనిగలవాడి దగ్గరికి పోయేది.

"ఏం రా, కడుపుల ఏం లేని పని ఏసి మెషిన్ పట్టుకున్నవ్?"

"రేపు వాడుకుంటాం మేడమ్. ముందే పెట్టాం."

"రేపటి బువ్వకు ఇయ్యాల పళ్లెం పట్టుకోని కూసుంటవా? ఎనకున్నోడు ఆకలికి సావాల్నా? ఎవని జాగీర్ రా ఇది?"

ఆ కుర్రాడు నవ్వాడు. నవ్వడం తప్పయింది. కర్చీఫు ముఖాన పడింది, వెంటనే చెంప మీద చెయ్యి పడింది. అతని కళ్లజోడు మూడు బల్లల అవతల పడింది. కొట్టడం తప్పని నేను ఆ రోజే అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ హాల్లో చిన్న కాలేజీల వాళ్లం ఎవరం లేచి ఆపలేదు. అందరి వీపులూ కొంచెం నిటారయ్యాయి.

ఇక నా సంగతి.

నాది వాన లెక్క. ఎగువన ఎంత వాన పడితే, జలాశయం గేట్లు ఎత్తితే, మూసీ పక్క బస్తీల్లో ఏ సందులోకి ముందు నీళ్లొస్తాయో చెప్పే పటం తయారు చేయాలని నా పట్టుదల. నా విద్యార్థులు చాలామంది ఆ సందుల్లోనే ఉంటారు. మన దగ్గర వాన కొలతలు దాచే పద్ధతి ఒకటుంది. ఒక్కో వర్షమాపకానిది, ఒక్కో రోజుది, వేరే ఫైలు. నా ప్రోగ్రాం ఆ చిన్న చిన్న ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి చదువుకోవాలి. చదువుతున్నంతసేపూ యంత్రం లెక్కలు వేయదు. బయటి నుంచి చూసేవాళ్లకు అది నిద్రపోతున్నట్టే ఉంటుంది.

వారాల తరబడి నడిచి, చివరి ఫైళ్లకు వచ్చిన పనిని ఒక ఉదయం ఆమె పీకేసింది.

నేను హాల్లోనే ఉన్నాను. గళ్ల కర్చీఫు వచ్చి నా ముక్కు మీద పడింది. అందరూ చూస్తున్నారు. అందులో నా విద్యార్థి కూడా ఒకడున్నాడు.

"ఇగో సారూ, నీ గుడ్డ నువ్వు తీస్కపో."

"అది కర్చీఫు కాదు మేడమ్. ఫైళ్లు చదువుకుంటోంది."

"గింత సేపా? చదువుతుందా, పండుకున్నదా?"

"ముందు చూడండి. తర్వాత విసరండి."

ఆమె నా భుజం పట్టి కుర్చీలోకి నెట్టింది. "సూపియ్" అంది. చూపించాను. ఫైలు వెనక ఫైలు. ఆఖరి నిమిషం దాకా ఏవేవి చదివిందో తెర మీద కిందికి దొర్లుతూ పోయాయి. ఆమె వంగి చాలాసేపు చూసింది. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. ఆమెకు అర్థమైంది. అర్థమైందని నాకు అర్థమైంది. అప్పుడు ఒక్క మాట అనాలి. తప్పైంది. అంతే. ఆమె లేచి పక్కనున్న కుర్చీని తన్నింది. అది గోడకు కొట్టుకుని చక్రం విరిగింది. ఆమె వెళ్లిపోయింది.

పని మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అది పూర్తి కాకముందే వానాకాలం వచ్చింది. గేట్లు ఎత్తారు. ఆ హాల్లో నా పక్కన కూర్చున్న విద్యార్థి ఇంటి గోడ నీళ్లకు నాని, అతని తండ్రి కాలి మీద కూలింది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. దవాఖానలో ఆ మనిషి వేసిన కేక నేను విన్నాను. పటం ఉంటే గోడ పడేది కాదని అనను. ఆ సందు నా పటంలో ఉండేదని మాత్రం అంటాను.

ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కేంద్రానికి వెళ్లినప్పుడల్లా ఆమె గది గుమ్మంలో నిలబడి అడిగేవాణ్ని.

"నా క్షమాపణ ఏదండీ?"

"వస్తది సారూ, వరసల ఉన్నది" అనేది. హాలంతా నవ్వేది.

కొన్నాళ్లకు నా పని మళ్లీ అలాగే ఫైళ్లు చదువుతున్న ఒక రోజు, కేంద్రం నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. "సారూ, బతికున్నవా? జవాబియ్యి. లేకుంటే పీకేస్త." మనిషి పంపింది కాదు, యంత్రం దానంతటదే పంపింది. ఎవరి పని కదలకుండా కనిపించినా పీకేసేముందు వాళ్లకు అది వెళ్తుందట, ఏదో ఒక జవాబు పంపిస్తే చాలట. ఆడవాళ్లకు కూడా 'సారూ' అనే వెళ్తోందని తాండూరు అమ్మాయి నవ్వుతూ చూపించింది. నాకు నవ్వు రాలేదు. ప్రభుత్వ కేంద్రం ఒక అధ్యాపకుణ్ని బతికున్నవా అని అడగడం ఏ మర్యాద? దాని మీదా ఫిర్యాదు చేశాను.

తర్వాత కొత్త డైరెక్టరు వచ్చాడు. కోకాపేటలో ఆకాశాన్నంటే భవనం ఉన్న ఒక కంపెనీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కంపెనీకి యంత్రంలో పెద్ద భాగం ఇస్తారని, అక్కడి సమాచారం ముందు వాళ్లే చూసుకుంటారని, మాలాంటి బయటివాళ్లకు వరసే లేకుండా ఎత్తేస్తారని హాల్లో అనుకున్నారు. ఇంకా సంతకాలు కాలేదు. సంతకాలు కాకముందే, ఒక ఉదయం మేము వచ్చేసరికి, వరసలో ఒక్క పనీ కదలడం లేదు. యంత్రం మొత్తాన్ని ఒకే ఒక్క ప్రోగ్రాం పట్టుకుని ఉంది. అందులో ఏమీ లేదు.

నేను ఆ రోజు నా పాత ఫిర్యాదు సంగతి అడగడానికే వెళ్లాను. ఆమె తెర ముందు నిలబడి ఉంది.

"సూసినవా సారూ? బస్సు మొత్తానికి ఒక్కటే కర్చీఫ్ ఏసిండ్రు."

"జవాబు ఇచ్చారా?"

"అడిగిన. బతికున్నవా అని అడిగిన. నకరాలు చేస్తున్నరు, పలకలే."

పీకేసింది. వెంటనే వరస కదిలింది. హాల్లో ఎవరో ఈల వేశారు.

కొంచెంసేపటికే కంపెనీ మేనేజరు ఇద్దరు గార్డులతో వచ్చాడు. ఆమె సర్వర్ గది అద్దం తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకోండి మేడమ్. డైరెక్టర్ గారితో మాట్లాడే పెట్టాం. మా మనిషి లోపలికి వెళ్లి మళ్లీ వేస్తాడు."

"మీ ప్రోగ్రాంల ఏం పని ఉన్నదో చెప్పు. ఉంటే నేనే ఏస్త. వరసల ఏస్త."

"మీరు జీతానికి పనిచేసే మనిషి. యంత్రం మీది కాదు."

"నీది గూడ కాదు. గందుకే చెప్తున్న, పో."

అతను ఆమె భుజం మీంచి చెయ్యి చాపి తలుపు పిడి పట్టుకున్నాడు. ఇనుప పిడి పైకి లేచి అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఎండుకట్టె విరిచినట్టు. అతను మోకాళ్ల మీద కూలాడు. గార్డు ఒకడు ఆమె చెయ్యి వెనక్కి మెలిపెట్టి ముఖాన్ని అద్దానికేసి కొట్టాడు. అద్దం పగల్లేదు. పెదవి పగిలింది. అద్దం మీంచి నెత్తురు కిందికి జారుతుంటే ఆమె మడమతో వాడి కాలి మీద తొక్కి, తల వెనక్కి విసిరి వాడి ముక్కు పగలగొట్టింది. రెండోవాడు లాఠీ తీశాడు. "ఆగండయ్యా" అని మధ్యకు వెళ్లాను. లాఠీ నా చెవి పక్కన తగిలింది. నేను నేల మీద పడ్డాను. ఆ చెవిలో ఇప్పటికీ హోరు. తాండూరు అమ్మాయి వాడి వీపు మీదికి ఎక్కి జుట్టు పీకుతోంది. మేడమ్ మాత్రం తలుపు వదల్లేదు. ఆమెను అక్కణ్నించి తీయడానికి కింది అంతస్తుల గార్డులందరూ రావాల్సి వచ్చింది. ఈడ్చుకుపోతుంటే కూడా గొంతు తగ్గలేదు.

"ఒక్కటి గూడ పీకొద్దు! అందరియి నడ్వనియ్యుండ్రి!"

విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల, దానికి అవతల కమిటీ. ఆమె ఒక చివర కుర్చీలో ఉంది. పెదవికి కుట్లు, ఒక కన్ను మూసుకుపోయి నల్లగా ఉంది. నన్ను పిలిచారు. ఆమె మీద నాకంటే ఎక్కువ ఫిర్యాదులు చేసినవాడు లేడు. డైరెక్టరు నా కాగితాల కట్టను చేత్తో తడిమి ఎంతో గౌరవంగా మాట్లాడాడు.

"చాలా ఓపిక పట్టారండీ మీరు. ఈమె కొట్టడం మీరు చూశారు కదా?"

"చూశాను. ముందు కొట్టింది ఆవిడే."

ఆమె తెరిచి ఉన్న కన్ను నా వైపు తిరిగింది. నేను ఎవరి కోసమూ అబద్ధం చెప్పను.

"మీ పని నాశనం చేసింది కూడా ఈమే కదా?"

"ఈవిడే. ఇప్పటికీ తప్పైందని అనలేదు."

"చూశారా" అన్నాడు పక్కవాళ్లతో. "బయటివాళ్ల వరస ఉన్నన్నాళ్లూ ఈ గొడవలు తప్పవు. మీ ఫిర్యాదులే ఆధారంగా పెట్టి ఆ వరస మూసేస్తున్నామండీ. మీకు న్యాయం జరిగినట్టే."

"నా పని మళ్లీ ఎక్కడ నడుపుకోవాలండీ?"

"అది... ఇక్కడ కుదరదు."

అప్పుడు నా చెవిలో హోరు పెరిగింది. లేచి ఆ కట్టను అతని చేతి కింది నుంచి లాగేసుకున్నాను. అతను పట్టుకున్నాడు. పై కాగితం చిరిగింది.

"నా పని చంపింది ఆవిడ. నా వరస చంపుతున్నది మీరు. ఆవిడ మీద ఫిర్యాదు నాదండీ, దాన్ని మీకు అద్దెకివ్వను. ఇప్పుడు మీ మీద చేస్తున్నాను, రాసుకోండి. కంపెనీ వేసిన పనిలో ఏమీ లేదు. నేను కళ్లారా చూశాను. అది రాసేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

లేవలేదు. మధ్యాహ్నం భోజనానికి వాళ్లు వెళ్లొచ్చారు, నేను కదల్లేదు. ఆమె బల్ల అవతలి నుంచి కుట్ల మధ్యలోంచి గొణిగింది.

"సాచ్చెం చెప్పమంటే పంచాయితీ పెట్టినవేంది సారూ?"

"మీరు మాట్లాడకండి. మీ సంగతి వేరే ఉంది" అన్నాను.

చివరికి రాశారు. అది రాసుకున్నాక పైవాళ్లు డైరెక్టరును ప్రశ్నలడిగారు. ఒప్పందం ఆగింది. కంపెనీ కోకాపేటలో తన యంత్రం తానే పెట్టుకుంది. బయటివాళ్ల వరస అలాగే ఉంది. ఆమె ఉద్యోగం పోయింది, పోలీసు కేసు పడింది. మణికట్టు విరగ్గొట్టినందుకు పోవాల్సిందేనని నేను అప్పుడూ అనుకున్నాను.

ఆ రోజు లిఫ్టులో ఇద్దరమే కిందికి దిగాం.

"ఇప్పుడైనా అనండి" అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. కుట్టు ఒకటి తెగి గడ్డం మీదికి నెత్తురు వచ్చింది. సంచిలోంచి గళ్ల కర్చీఫు తీసి నోటికి అద్దుకుంది.

"మొండి ఘటం సారూ నువ్వు. సచ్చినా అనను, పో."

అన్నంత పనీ చేసింది.

బస్సు లింగంపల్లి దాటాక గుంటూరు అమ్మాయి నా పక్క సీటుకు వచ్చి కూర్చుంది. చివరి రోజులు చెప్పింది. కిడ్నీలు పాడై దవాఖానకు తిరిగేదట. అక్కడ రక్తం శుభ్రం చేసే మంచం మీద ఎవరో ముందుగా తువ్వాలు వేసి పోతే, సూది గుచ్చిన చేత్తోనే దాన్ని తీసి వరండాలోకి విసిరిందట. అడగడానికి వచ్చినవాడి మీదికి సెలైన్ స్టాండు ఎత్తిందట. తనకోసం కాదు. వరసలో ముందున్న ఒక ముసలాయన కోసం. ఆ మంచం మీద ఆయనే పడుకున్నాడట. ఆమె వంతు ఆఖరున వచ్చిందట.

"మీ సంగతి ఎప్పుడూ అడిగేదండీ. ఆ సారు పటం అయిందా అని."

"అయిందని చెప్పావా?"

"చెప్పానండీ. మొన్నటి వానకు బస్తీ వాళ్లను ముందే బడిలోకి తరలించారని కూడా చెప్పాను. గోడను ఒక్క గుద్దు గుద్దింది."

నేను గుండీ తెగిన చోట చొక్కా దగ్గరికి లాక్కున్నాను.

"ఆ మెసేజ్ కూడా మీ వల్లేనండీ" అంది ఆ అమ్మాయి. "మీ పని పీకేసిన రోజే కూర్చుని రాసింది. అడక్కుండా ఎవరిదీ తీయకూడదని. 'సారూ' అని ఎందుకక్కా, ఆడవాళ్లకు కూడా వెళ్తుంది కదా అంటే, ఎవలకోసం రాసిన్నో వానికి తెలిస్తే చాలు అంది."

తెలిస్తే చాలా? నాకెవరు చెప్పారు? ఇన్నేళ్లూ దాని మీద ఫిర్యాదులు రాసుకుంటూ కూర్చున్నాను. యంత్రం చేత అడిగించడం క్షమాపణ కాదు. కుర్చీని తన్నడం క్షమాపణ కాదు. ఒక్క మాట అంటే అయిపోయేది.

శంకర్‌పల్లి చేరేసరికి జేబులో ఫోను కదిలింది. ఈ ఏటి వాన లెక్కలు యంత్రం మీద నడుస్తున్నాయి. ఎప్పటిలాగే ఒక్కో ఫైలూ చదువుకుంటూ నెమ్మదిగా ఉన్నాయి.

"సారూ, బతికున్నవా? జవాబియ్యి. లేకుంటే పీకేస్త."

ఆ అమ్మాయి నా భుజం మీంచి చూస్తోంది. "ఏదో ఒకటి రాయండి సార్, చాలు. ఖాళీగా వదలకండి."

నేను ఎప్పుడూ రాసేదే రాశాను.

"బతికే ఉన్నాను. మీరు తప్పైందని ఇంకా అనలేదు."

జవాబు రాలేదు. పని ఆగలేదు.